ఎనిమిది స్పీడులో పెద్దమ్మ

మా పెద్దమ్మ చల్లపల్లిలో చర్చి పాటల బృందాన్ని నడిపేది. కొత్త పాటలు రికార్డు చేసినప్పుడల్లా సీడీ చేయించుకోవడానికి బస్సెక్కి విజయవాడలో మా ఇంటికి వచ్చేది.

పాటలు సీడీలోకి ఎక్కించడానికి నేను కంప్యూటరు ముందు కూర్చోగానే వెనక నిలబడి, "ఎనిమిది స్పీడులోనే పెట్టవే," అనేది.

"స్పీడు యాభై రెండు దాకా ఉంది పెద్దమ్మా. చిటికెలో అయిపోద్ది."

"చిటికెలో చేసింది మన చర్చి ప్లేయర్లో నత్తిగా పాడుద్దే. పోయినసారి 'స్తోత్రం' దగ్గర ఆగి అక్కడే తిరిగింది. పిల్లలందరూ ఒకటే నవ్వు."

సీడీలోకి పాటలు ఎక్కడం మొదలవగానే పెద్దమ్మ అరచెయ్యి పైకెత్తేది. ఇక ఇంట్లో ఎవరూ నోరు విప్పకూడదు. మన మాటలు అందులోకి ఎక్కవని నేను నవ్వితే, "ఎక్కవని నాకూ తెలుసే. దేవుడి పాటలు ఎక్కుతుంటే కబుర్లేంటి?" అని గుసగుసగా కసిరేది.

పెద్దమ్మ పోయిన ఇన్నేళ్లకు, మొన్న అలమర సర్దుతుంటే ఆ సీడీల్లో ఒకటి దొరికింది. పాత ప్లేయర్లో పెట్టాను. బృందం గొంతుల మధ్య నుంచి పెద్దమ్మ గొంతు ఎక్కడా తడబడకుండా వచ్చింది.

"ఎవరమ్మా ఆ పాడే..." అంటూ మా అమ్మాయి దగ్గరకొచ్చింది.

అప్పటికే నా అరచెయ్యి పైకి లేచి ఉంది.