అత్తకు అరువిచ్చిన నాలుక

మా వాడలో అందరికీ అత్త అయిన మనిషి పోయిన నెలలో ఒక మధ్యాహ్నం చనిపోయింది. అన్నం తిని, చెయ్యి కడుక్కుని, కాసేపు నడుం వాలుస్తానని పడుకున్నది మళ్లీ లేవలేదు. ఫోన్ చేసి చెప్పిన ఆమె కోడలు ఏడుస్తూనే, పొద్దున కూడా చేపలామెతో బేరమాడి గెలిచిందని చెప్పింది. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఆమెను తలుచుకుంటే ఎప్పుడూ అంతే.

విడవలూరు దాటి సముద్రం వైపు వెళ్లే రోడ్డు పక్కన అత్తకొక పాక ఉండేది. రొయ్యల గుంటల్లో పనిచేసేవాళ్లు, ఐసు లారీల డ్రైవర్లు మధ్యాహ్నం అక్కడే తినేవాళ్లు. అన్నం, చేపల పులుసు, మజ్జిగ, అంతే. పులుసు సాయంత్రం కాచి, రాత్రంతా దాకలో ఊరనిచ్చి, మర్నాడు వడ్డించేది. వేడివేడిగా కావాలన్నవాడిని నాలుకా లేదు, ఓపికా లేదు అని వెక్కిరించేది. కళ్లజోడుకు ఒక కాడ విరిగితే వలదారంతో చెవికి కట్టుకుని ఏళ్లు గడిపింది. డ్రైవర్ల పేర్లు ఆమెకు అక్కర్లేదు. లారీ నంబరుతోనే పిలిచేది. "నలభై రెండూ, సిగ్గుపడబాక, ఇంకో ముక్కేసుకో" అంటే ఆ మనిషి బుద్ధిగా వేసుకునేవాడు.

నాకు పదమూడేళ్లప్పుడు మా నాన్న సముద్రం మీద వేటకు పోయి తిరిగి రాలేదు. అమ్మ గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. నాకూ తమ్ముడికీ కడుపు నిండాలి కదా, సాయంత్రాలు రొయ్యలు ఒలిచే షెడ్డుకు వెళ్లేదాన్ని. ఐసు నీళ్లలో వేళ్లు కొంకర్లు పోయేవి. పక్కన కూర్చున్న ఒకామె జాలిపడి, బుగ్గన పెట్టుకోమని చిటికెడు పొగాకు ఇచ్చింది. చలి తెలియదంది, ఆకలి తెలియదంది. ఆమె చెప్పింది నిజమే. చలి తెలియలేదు, ఆకలి తెలియలేదు, నాన్న కూడా కాసేపు గుర్తు రాలేదు. ఆ మూడోదాని కోసమే నేను దాన్ని పట్టుకున్నాను. రెండు నెలలకు పొట్లం పుస్తకాల సంచిలోకి చేరింది, సంచి బడికి పోవడం తగ్గింది.

తిట్టేవాళ్లు తిట్టారు. మా మామయ్య చెంప పగలగొట్టాడు. ఆ చెంపలోనే ఇంకో చిటికెడు పెట్టుకున్నాను.

అత్త తిట్టలేదు. ఒక సాయంత్రం పాక ముందు నుంచి వెళ్తుంటే పిలిచి, నోరు తెరవమని, సంతలో ఎద్దును చూసినట్టు నా పళ్లు చూసింది. తర్వాత గరిటెతో కాస్త పులుసు నా అరచేతిలో పోసింది.

"ఉప్పు సరిపోయిందేమో చెప్పుమే. పొగాకు నమిలీ నమిలీ నా నాలుక మొద్దుబారిపోయుండాది. మానేసినా తిరిగి రాలా. నీది ఇంకా చావలేదు. నాకు అరువియ్యి."

షరతులు రెండే. బడి కాగానే ఐదింటికల్లా వచ్చి, ముక్కలు వేయకముందే ఉప్పు చూడాలి. ఆ నోట్లో పొగాకు పడకూడదు. చూసినందుకు మా ముగ్గురికీ సరిపడా అన్నం, పులుసు క్యారియర్‌లో పెట్టిచ్చేది. షెడ్డుకు వెళ్లే వేళ కూడా అదే కావడంతో షెడ్డు దానంతటదే ఆగిపోయింది. పొగాకు అంత తేలిగ్గా ఆగలేదు. తలనొప్పి, చిరాకు, అత్త మీదే విసుర్లు. ఉప్పు చూడటం అయిపోగానే నా బుగ్గన ఒక మామిడి ఒరుగు పెట్టేది. "ఖాళీ నోరు ఊరుకోదు, దానికేదో ఒక పని చెప్పాల" అనేది.

కొన్నాళ్లు నిలబడ్డాను. ఇంతలో నాన్న పడవ చెక్క ఒకటి బోగోలు వైపు ఒడ్డుకు కొట్టుకొచ్చిందని కబురొచ్చింది. ఆ రోజు మళ్లీ నమిలాను. నోరు పుక్కిలించి ఐదింటికి పాకకు వెళ్లాను. పులుసు చప్పగా తగిలింది. ఇంకొంచెం పడాలన్నాను. అత్త వేసింది. ఇంకా చాలదన్నాను. నా ముఖంలోకి ఒకసారి చూసి, మళ్లీ వేసింది.

మర్నాడు ఆదివారం, వడ్డించడానికి నేనూ ఉన్నాను. మొదటి ముద్దకే నలభై రెండు తలెత్తి, సముద్రాన్ని వండినావా అత్తా అన్నాడు. పాకంతా నవ్వులు. అత్త కూడా నవ్వి, తప్పు తనదేనంది. దాకెడు పులుసూ ఇసుకలో పారబోసి, అందరికీ మజ్జిగా ఊరగాయా వేసింది. నా పేరు ఎత్తలేదు. నా వైపు చూడనైనా చూడలేదు.

సాయంత్రం భయపడుతూ వెళ్లాను. ఎప్పటిలాగే నా అరచేతిలో పులుసు పోసి, జవాబు కోసం కళ్లజోడు సర్దుకుని నిలబడింది. ఇంత జరిగాక కూడా ఒక మనిషి నా మాట మీద వంట దించుతుందా అనుకుంటూ ఉప్పు చూసి చెప్పాను. పొట్లం ఆ పూటే పొయ్యిలో వేశాను. తర్వాత ముట్టలేదు. పదో తరగతి అయ్యేదాకా ఉప్పు చూశాను. ఇప్పుడు తోటపల్లి గూడూరు దగ్గర పిల్లలకు చదువు చెబుతున్నాను.

పెద్దకర్మ మర్నాడు నీచు పెట్టడం మా వాడ ఆనవాయితీ. ముందురోజు సాయంత్రమే పులుసు కాస్తున్నారు. ఉప్పు చూసే హక్కు నాదే అన్న ధీమాతో పొయ్యి దగ్గరికి వెళ్లి చెయ్యి చాపాను. చూస్తే నాతో పాటు ఇంకో అయిదు చేతులు చాపి ఉన్నాయి. అత్తకు ఉప్పు చూసింది నేను కదా అని ఒకామె, నువ్వెప్పుడు చూశావని ఇంకొకామె. లెక్కలు కలుపుకుంటే తేలింది. ఒకరి తర్వాత ఒకరం వచ్చినవాళ్లం. ఒకరిది తాగి కొట్టే నాన్న, ఒకరిది విడిచిపోయిన అమ్మ, ఒకరిది తుఫానుకు పోయిన ఇల్లు. అందరం అదే మొద్దుబారిన నాలుక కథ విన్నవాళ్లమే.

కోడలు పొయ్యి ఊదడం ఆపి మమ్మల్ని వింతగా చూసింది.

"ఆమె నాలుకకేం రోగం? నా కూరలో ఉప్పు రవ్వంత ఎక్కువైతే ఆవిరి చూసే చెప్పేది. పొగాకంటారా, ఆ వాసనకే తుమ్మేది."

ఆరుగురం పడీపడీ నవ్వాం. నవ్వుతుండగానే నాకు తట్టింది. ఆ రోజు నేను ఇంకొంచెం అన్నప్పుడే, ఆ పులుసు పాడవుతుందని అత్తకు తెలుసు. తెలిసే వేసింది, తెలిసే పదిమంది ముందు వడ్డించింది. ఇంత పెద్ద అబద్ధం నా కోసం ఇంకెవరూ ఆడలేదు.

కోడలు మాత్రం నవ్వకుండా గుమ్మం వైపు చూస్తోంది. అక్కడ పక్క సందు పిల్ల నిలబడి ఉంది, పన్నెండేళ్లుంటాయి. వాళ్ల నాన్న పోయి రెండు నెలలు. బడి సంచిలో గుట్కా పొట్లం దొరికిందని వాడంతా చెప్పుకుంటోంది. కోడలు ముక్కు ఎగబీల్చి, గొంతు బొంగురు చేసుకుని పిలిచింది.

"ఇట్రా పాపా. నాకు జలుబు చేసి ఏ రుచీ తెలీడంలా. ఉప్పు సరిపోయిందేమో చూసి చెప్పు."

పిల్ల అరచెయ్యి నాకి, కళ్లు మూసుకుని ఆలోచించి, ఇంకొంచెం పడాలంది. సరిగ్గా సరిపోయిందని మేం ఆరుగురం అప్పటికే చూసి ఉన్నాం. కోడలు మారుమాట్లాడకుండా గుప్పెడు ఉప్పు తీసి దాకలో వేసింది.

మర్నాడు విస్తళ్ల ముందు ఆరుగురం వరసగా కూర్చున్నాం. పిల్లే గరిటె పట్టుకుని వడ్డించింది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నా, మారు అడిగి మరీ పోయించుకున్నాం.