పది గంటల పాలు

దయ్యాలు, గాలి సోకడాలు అని ఎవరైనా మొదలుపెడితే నేను లేచి వెళ్లిపోయే రకం. శంషాబాద్‌లో ఒక ప్రైవేటు బడిలో సైన్సు టీచర్ని. ఇంకెవరైనా ఈ సంగతి చెబితే నేనే నవ్వేదాన్ని.

2010 ఎండాకాలంలో, ఏడో నెల దాటగానే నాకు కాన్పు అయింది. పాప పదమూడు వందల గ్రాములు. అత్తాపూర్ వైపు ఒక దవాఖానలో గాజు పెట్టెలో పెట్టారు. ముక్కులోంచి సన్నని గొట్టం వేసి రెండు గంటలకోసారి పాలు పోసేవాళ్లు. డబ్బా పాలు దాని పేగులు తట్టుకోలేవు, బతకాలంటే తల్లిపాలే కావాలని డాక్టరమ్మ తెగేసి చెప్పింది.

నాకు పాలు లేవు. ఎక్కణ్ణుంచి వస్తాయి? తొండుపల్లి నుంచి మా అత్త తెచ్చే పథ్యం ఎల్లిపాయ కారం కలిపిన అన్నం, పూటకు అర గ్లాసు నీళ్లు. ఇంకాసిని అడిగితే, "బాలింత గన్ని నీళ్లు తాగితే ఒళ్లు నీరు పడ్తది, ఊకో" అనేది. ఏడో తరగతికి పోషకాహారం పాఠం చెప్పే నేను నోరు మూసుకుని తిన్నాను. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది, ఆమె మీద కంటే నా మీద ఎక్కువ. గంటసేపు పిండితే గిన్నె అడుగు తడిసేది, అంతే.

పక్క మంచం సుజాతది. హిమాయత్ సాగర్ పిల్ల, ఇరవై ఏళ్లు ఉంటాయేమో. కడుపుతో ఉన్నప్పుడు ఎక్కువ తింటే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుందని సగం కడుపుకే పెట్టారట. రక్తం గోలీలు మింగితే బిడ్డ నల్లగా పుడుతుందని వాటిని పారేశారట. మనిషి సున్నం కొట్టినట్టు పాలిపోయి ఉండేది, పాలు మాత్రం ఆగేవి కావు. జాకెట్టు ఎప్పుడూ తడిసే ఉండేది. ఆమె కొడుకు నా పాప కంటే చిన్నవాడు. వాడికి గొట్టంతో కూడా పాలు మొదలుపెట్టకముందే, నాలుగో రోజు పోయాడు.

ఆ సాయంత్రమే ఆమెను ఆటోలో ఇంటికి తీసుకుపోయారు. "మీ పాప బతకాలె అక్కా" అని నా చెయ్యి పట్టుకుని మరీ పోయింది. అప్పుడు నాకు కలిగింది జాలి కాదు. ఆ పాలన్నీ వృథాగా పోతున్నాయే అని ఏడుపొచ్చింది. అంత నీచంగా ఉన్నాను.

మర్నాడు పొద్దున పది గంటలకు నా చెంచాడు పాలు పట్టుకుని పిల్లల గది కిటికీ దగ్గరికి పోయాను. "మీ పాపకు నిండు గిన్నె వచ్చిందమ్మా. మీ పక్క మంచం పిల్ల ఇచ్చిపోయింది" అంది నర్సు. బిడ్డ పోయినా ఇంత దూరం వచ్చిందా అని మనసులోనే దండం పెట్టుకున్నాను. రోజూ అదే వరస. నేను పోయేసరికి ఆమె వచ్చి వెళ్లిపోయి ఉండేది. నెత్తికి తువ్వాల, చెవుల్లో దూది అని చెప్పేది నర్సు. బాలింతలందరూ అలాగే ఉంటారు. నర్సు పొరబడిందేమో, చెప్పలేను.

గిన్నె రావడం మొదలైన ఐదో రోజు ఆమెను ఎలాగైనా కలవాలని తొమ్మిది నుంచే ఆ కిటికీ పక్కన బల్ల మీద కూర్చున్నాను. ఆ గదికి వేరే దారి లేదు. ఎవరూ రాలేదు. పది దాటగానే నర్సు గిన్నె ఎత్తి చూపించింది. "ఇప్పుడే, మీ ముందట్నే ఇచ్చింది గదమ్మా!" అంది. గిన్నె చేతిలోకి తీసుకున్నాను. గోరువెచ్చగా ఉంది.

అలా తొమ్మిది రోజులు. ఈలోపు డాక్టరమ్మ మా అత్తను అందరి ముందూ కడిగేసింది. నాకు నీళ్లు, పప్పు, గుడ్లు దొరికాయి, పాలు పడ్డాయి. పడిన రోజు నుంచి గిన్నె రాలేదు. నెలన్నరకు పాపను ఇంటికి తెచ్చుకున్నాం.

పాపకు ఐదో నెలలో చీర, పండ్లు పట్టుకుని, పాపను ఎత్తుకుని హిమాయత్ సాగర్ పోయాను. నీ పాలతోనే నా బిడ్డ బతికిందని సుజాతకు సంబరంగా చెప్పాను. వాళ్లమ్మ నన్ను వింతగా చూసింది. "ఇంకెవరో అయుంటరమ్మా. నా బిడ్డ పదిహేను రోజులు మంచం దిగలే. పాలు ఎండాలని ఎదకు మల్లెపూలు కట్టి నేనే పక్కన కూసున్న" అంది.

సుజాత మాత్రం నన్నే చూస్తోంది. ఏ వేళకని అడిగింది. పది గంటలకన్నాను. ఎన్ని రోజులని అడిగింది. తొమ్మిదన్నాను.

అప్పుడు మెల్లగా చెప్పింది. ఇంటికి వచ్చాక రొమ్ములు రాళ్లలా గట్టిపడి ప్రాణం పోయేదట. రోజూ ఆ వేళకు ఎవరో తాగినట్టు ఒక్కసారిగా తేలికయ్యేవట. కట్టిన గుడ్డ మాత్రం పొడిగానే ఉండేదట. తొమ్మిది రోజులు అలా జరిగి ఆగిపోయిందట.

"నా కొడుకే వచ్చి తాగి పోతున్నడనుకున్న అక్కా. ఇగ కడుపు నిండి పోయిండనుకున్న. గట్ల అనుకునే బతికిన" అంది.

నేను అక్కడికి వచ్చి ఏం చేశానో అప్పటికి గానీ నాకు తెలియలేదు.

ఆమె నా ఒళ్లో ఉన్న పాపను చూసింది. "అంటే వాడు ఒక్కసారి గూడ తాగలేదా?"

ఆ పాలు ఎలా వచ్చాయో నాకు ఈ రోజుకీ తెలియదు. నర్సు అబద్ధాలాడే మనిషి కాదు. సుజాతకు ఆ అవసరమే లేదు. గిన్నె నా చేతులతో పట్టుకున్నాను. ఎంత తన్నుకున్నా అంతకుమించి అందడం లేదు. కానీ ఆమె అడిగినదానికి జవాబు నా దగ్గర ఉండాల్సింది. వాడు తాగాకే మిగిలింది మా పాపకు వచ్చిందమ్మా అని ఒక్క అబద్ధం ఆడితే సరిపోయేది. అదీ ఆడలేదు. చీర మంచం మీద పెట్టి, పాపను ఎత్తుకుని వచ్చేశాను.