ముప్పావు వయొలిన్

పెరిగే పిల్లకు బట్టలు కుట్టించేటప్పుడు దర్జీతో మీరేమంటారు? నిజం చెప్పండి. మొన్న నల్లగొండలో నా చొక్కా తెచ్చుకుందామని వెళ్తే, ఒక తల్లి ఏడేళ్ల బిడ్డను ముందు నిలబెట్టి, "జర వదులుగ కుట్టు అన్నా, వచ్చే ఏడు గుడ తొడగాలె" అంటోంది. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే సిగ్గూ వేసింది. సరిగ్గా ఆ బుద్ధితోనే ఒకప్పుడు నేను మా మేనకోడలికి వయొలిన్ కొన్నాను.

అప్పటికి దానికి తొమ్మిదేళ్లు. చర్చిలో పాటలకు వయొలిన్ వాయించే ఒక రిటైర్డు టీచరమ్మ దగ్గర నేర్చుకుంటానని పట్టుబట్టింది. నేను చర్చి మెట్లెక్కడం మానేసి చాలా ఏళ్లయింది. దేవుడి మీద, దయ్యాల మీద, ముహూర్తాల మీద సభల్లో గొంతు చించుకునేవాణ్ని. మా అమ్మ ప్రతి ఆదివారం నా బుద్ధి మారాలని ప్రార్థన చేసి వచ్చి, అదే చేత్తో నాకు కోడికూర వడ్డించేది. పాట దగ్గర మాత్రం మా ఇంట్లో ఎవరికీ పేచీ లేదు. మా తాతలు ఇతరుల చేలల్లో పాడుకుంటూ కలుపు తీసినవాళ్లు. అయితే తీగల వాయిద్యం మా గడపలోకి రావడం అదే మొదలు. పిల్ల తండ్రి, చౌటుప్పల్ మందుల కంపెనీలో షిఫ్టులు చేసే మా బావ, ముందే కచ్చితంగా చెప్పాడు: "ఒక్కటే కొంట. అది రాకుంటే బందు. మల్ల అడగొద్దు."

నలుగురిలో మాట్లాడేవాణ్ని కాబట్టి హైదరాబాదు దుకాణానికి నన్ను పెద్దమనిషిగా తీసుకెళ్లారు. టీచరమ్మేమో కూతురి కాన్పుకని ఊరెళ్లింది. ఆమె వచ్చేదాకా ఆగుదామని మా చెల్లె అంటే, "గీ మాత్రం దానికి ఆగుడెందుకు?" అన్నాను. మాకు అందే ధరలో రెండు కనిపించాయి. ఒకటి నిగనిగలాడే ఎర్ర వార్నిష్‌తో పెద్దది, కొత్తది. రెండోది ఎవరో వాడి వదిలేసింది, చిన్నది, ఒళ్లంతా గీతలు. "ఇది ముప్పావు సైజు సార్, పిల్లలది" అన్నాడు దుకాణదారు. "రెండేండ్లల్ల పిల్ల పెరగదా? మల్లొకటి కొనాల్నా?" అని అతని నోరు మూయించాను. బావ మెచ్చుకోలుగా తలూపాడు. పెద్దదే కట్టించాం.

టీచరమ్మ తిరిగొచ్చేలోపు పిల్ల ఫోనులో వీడియోలు చూసి సాధన మొదలుపెట్టింది. నెల తిరిగేసరికి ఎడమ భుజం వాచింది. చిటికెన వేలు తీగ మీద పడాల్సినచోట పడదు. ఆ కీచుశబ్దానికి మా అమ్మ, "గా గేటుకన్న జర నూనె కొట్టుండ్రి" అనేది. బావ నవ్వలేదు. "మన నెత్తుట్ల లేదు బావా. ఇడిసిపెడదాం" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. విద్య నెత్తుట్లో ఉంటుందన్న మాట ఎవరు పుట్టించారు, ఎవరిని బయట నిలబెట్టడానికి పుట్టించారు అని అరగంట దంచాను. నా గొంతు బొంగురుపోయింది గానీ పిల్ల భుజం నొప్పి తగ్గలేదు. అది పెట్టె మూసి మంచం కిందికి నెట్టి, "నాకు రాదు మామా" అంది.

టీచరమ్మ ఊరి నుంచి రాగానే ఆ పెట్టె పట్టుకుని ఆమె ఇంటికి వెళ్లాం. ఆమె వయొలిన్‌ను పిల్ల గడ్డం కింద పెట్టి, "చెయ్యి చాపు బిడ్డా, కొసన చుట్టలెక్క తిరిగిన సుడిని పట్టుకో" అంది. పిల్ల ఎంత చాచినా వేళ్లు సుడి దాకా పోలేదు. టీచరమ్మ నా వైపు తిరిగింది. "సార్, మీరు ప్రతిదానికి రుజువు అడుగుతరంట గద. ఈ పిల్ల చెయ్యిని అడిగిండ్రా?" లోపం నెత్తుట్లో లేదు, అంగుళాల్లో ఉంది. ఆ అంగుళాల తప్పు నాది.

మర్నాడు ఆమే మాతో దుకాణానికి వచ్చింది. గీతలు పడ్డ చిన్న వయొలిన్ ఇంకా అక్కడే ఉంది. ఆమె వార్నిష్ వైపు చూడనే లేదు. తీగలు బిగించే మరలు తిప్పి, జారకుండా నిలుస్తున్నాయా అని చూసింది. తీగలు మరీ ఎత్తులో ఉంటే లేత వేళ్లు కోసుకుపోతాయంటూ పక్కనుంచి కన్ను పెట్టి చూసింది. అతుకులు విడిపోయాయేమోనని అంచు పొడవునా వేలి కణుపుతో తట్టి విన్నది. "గన్ని గీతలున్నయ్ గద టీచరమ్మా" అని బావ గొణిగితే, "గీతలేం జేస్తయ్ అయ్యా, మెరుపు పాడదు" అంది. తర్వాత పిల్ల చేతికిచ్చింది. వేళ్లు సుడి చుట్టూ ముడుచుకున్నాయి. కమాను లాగితే వచ్చిన స్వరం గొప్పదేమీ కాదు గానీ వంకర లేదు. "మామా, చిటికెన వేలు అందింది!" అని అరిచింది. దుకాణదారు నవ్వుతూ మార్చి ఇచ్చాడు. గుమ్మం దగ్గర నిలబడ్డ బావ లోపలికి వచ్చి అడిగాడు: "రోజుకు ఎంతసేపు వాయించాలె టీచరమ్మా?"

ఇప్పుడు మా మేనకోడలు పెద్ద వయొలిన్ వాయిస్తోంది, పిల్లలకు పాఠాలు కూడా చెప్తోంది. ఆ ముప్పావు వయొలిన్ పానగల్‌లో గొర్రెలు కాసే ఇంటి పిల్ల దగ్గరుంది. ఆ పిల్ల చేతికి చాలనినాడు ఇంకో ఇంటికి వెళ్తుంది. కాలం మన వీలు చూసి పిల్లల్ని పెంచదు. ఒక ఏడాది మనం బద్ధకించామంటే ఆ చెయ్యి మళ్లీ ఆ కొలతకు రాదు. మీ పిల్లలు పెరిగి వదిలేసిన వయొలిన్ మీ అటక మీద ఉందా? లేవండి. ఇవాళే దింపండి. తెగిన తీగలు మార్పించి, అది సరిపోయే బిడ్డను వెతికి చేతిలో పెట్టండి.