గాజుల పాటలో అనూష పేరు

మధ్యాహ్నం పన్నెండున్నరకు మా ఆయనకు క్యారియరు పట్టుకుని బళేపేటకు పోవడం ఇరవై నాలుగేండ్లు నా పని. ఆయన పోయినాక ఏడాదికి పైగా ఆ వేళకు ఊరికే కూర్చునేదాన్ని. రెండువేల నాలుగు శ్రావణంలో మళ్ళీ బయలుదేరినాను. చేతిలో క్యారియరు లేదు. సంచిలో ఒక క్యాసెట్టు, కళ్ళద్దాలు. పోయేది మా వీధి చివర ఫాతిమా కంప్యూటరు అంగడికి.

ఆయన పేరు నోటితో ఎప్పుడూ పలకలేదు. రాస్తే తప్పు లేదనుకుంటాను, మునినారాయణప్ప. బళేపేటలో గాజుల అంగడి. ఆడవాళ్ళను సైజు అడిగేవాడు కాదు. చేయి పట్టుకుని బొటనవేలి మొదట్లో ఒక్కసారి నొక్కి, సరైన డబ్బా తీసేవాడు. గాజు ఎక్కేటప్పుడు నొప్పి తెలియకుండా ఏదో ఒకటి మాట్లాడతా ఉండేవాడు. "ఏమమ్మా, నీ చేతిలో ఎముకలే లేవే, వెన్నతో చేసినారా?" అంటే ఎంత బిగువు మనిషైనా నవ్వేది. ఇంట్లో మాత్రం మాటలు తక్కువ. కూర బాగుంటే రెండోసారి పెట్టించుకునేవాడు, అంతే.

మా వాళ్ళలో ఏ బిడ్డ సీమంతానికైనా గాజులు వేసేది ఆయనే. వేస్తా, వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్న పాట ఒకటి పాడేవాడు. నాలుగు చరణాలు. ప్రతి చరణం చివర ఆ బిడ్డను పేరు పెట్టి పిలవాల.

ఆ శ్రావణంలో ఒక శుక్రవారం మా అనూషకు సీమంతం పెట్టుకున్నాం. మాకు ఒక్కతే బిడ్డ. ఫోనులో అనింది, "అందరికీ నాయన పాడినాడు, నాకు మాత్రం లేదు కదమ్మా." నేను గాజులు వెయ్యకూడదు, మాలో భర్త లేనిది ఆ బుట్ట ముట్టుకోదు. పాటైనా ఆయన గొంతులో వినిపించాల, అందులో దాని పేరుండాల అనుకున్నాను. ఎనిమిదేండ్ల ముందర ఆయన మేనకోడలు వరూధిని సీమంతంలో ఎవరో టేపురికార్డరు పెట్టినారు. ఆ క్యాసెట్టు బీరువాలో ఉండింది. ఆయన గొంతు ఉన్నది అదొక్కటే.

ఫాతిమా కడప అమ్మాయి. పెండ్లి క్యాసెట్లను కంప్యూటర్లోకి ఎక్కించి సీడీలు చేసిస్తుంది.

"పాటలో పేరు మార్చాలంటే దినాలు పడతాయక్కా. నాకు పెండ్లిండ్ల పని తల మీద ఉండాది. మీరే నేర్చుకోండి, ఆ మూల మిషను ఖాళీగానే ఉండాది."

"నాలుగో క్లాసు చదివినదాన్ని. ఇంగ్లీషు రాదమ్మా."

"బొమ్మలు చూసుకోండి. కత్తెర బొమ్మ తెలీదా?"

టేపురికార్డరు నుంచి ఒక వైరు కంప్యూటరు వెనక పెట్టింది. తెర మీద ఎర్రచుక్క నొక్కి క్యాసెట్టు తిప్పితే ఆయన గొంతు నీలం గీతలుగా సాగింది. గట్టిగా పాడిన చోట లావు, ఊపిరి తీసుకున్న చోట సన్నం. కనకాంబరాల దండ మాదిరే ఉండింది. అప్పుడు భయం పోయింది. దండ కత్తిరించి ముడి వెయ్యడం నాకు తెలుసు.

మొదటి దినం 'వరూధినీ' అని పిలిచిన జాగా వెతికి కత్తెర వేసినాను. వెనక పాటంతా ముందుకు జరిగి, గుంటలో కాలు పడినట్లు వినిపించింది.

"కత్తిరించద్దక్కా, ఆ జాగాలో సద్దు మాత్రం తీసెయ్యండి. ఖాళీ అట్లే ఉంటుంది, తాళం తప్పదు," అనింది ఫాతిమా. నాలుగు చోట్లా అట్లే చేసేసరికి ఇంకో రెండు దినాలు.

ఇంక అనూష పేరు కావాల. క్యాసెట్టంతా రెండుసార్లు విన్నాను. ఒక్కటంటే ఒక్క చోట దొరికింది. గాజుల బుట్ట దూరంగా ఉండి, అప్పటికి పద్నాలుగేండ్ల అనూష ఎక్కడో దిక్కులు చూస్తా ఉంటే, "అనూషా! బుట్ట ఇట్ల తే!" అని అరిచినాడు. పేరు మాత్రం తీసి మొదటి ఖాళీలో పెట్టి నొక్కినాను.

"పచ్చగాజు ఎక్కాల, చెయ్యి వదులు పెట్టమ్మా... అనూషా!"

ఫాతిమా కుర్చీలో ఎగిరిపడింది. "యా అల్లా! ఇది సీమంతమా అక్కా, పోలీసు స్టేషనా?"

"సౌండు తగ్గిస్తే మెత్తబడదా?"

తగ్గించి వినిపించింది. "ఇప్పుడు పక్కింట్లోంచి తిడతా ఉండాడు. అంతే తేడా."

నవ్వొచ్చింది. నవ్వీ నవ్వీ కండ్లలో నీళ్ళొచ్చినాయి, తర్వాత అవి ఆగలేదు. ఫాతిమా ఫ్యాను నా పక్కకు తిప్పింది.

గురువారం వచ్చేసింది. తక్కిన మూడు జాగాల్లో పెట్టడానికి ఏమీ లేదు. ఒకదాంట్లో అరుపు, మూడు ఖాళీ. అట్లే సీడీ చేయించుకున్నాను. బిడ్డ నొచ్చుకుంటుందేమో, అసలు పాటే లేకుంటే మేలేమో అని దారి పొడుగునా అనుకుంటానే ఇంటికొచ్చినాను.

శుక్రవారం అనూష పీట మీద కూర్చునింది. నా తోడికోడలు జయమ్మ గాజు వెయ్యడానికి దాని చేయి పట్టుకునింది. నేను వంటింటి గడప దగ్గరే నిలబడినాను. అల్లుడు యశ్వంత్ సీడీ పెట్టినాడు. ఆయన గొంతు వినగానే పెద్దవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"...అనూషా!"

బిడ్డ ఉలిక్కిపడి, "తెస్తా నాయనా!" అనేసింది.

ఇల్లంతా నవ్వు. అనూష కూడా నవ్వింది, చెంపల మీద నీళ్ళతోనే. ఆ నవ్వులోనే జయమ్మ పచ్చగాజు ఎక్కించేసింది.

రెండో చరణం చివర ఆయన ఆగినాడు. సద్దు లేదు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గడప దగ్గర నుంచి నా నోట్లోంచే వచ్చేసింది, "అనూషా" అని. అది నా పక్కకు తిరిగి చూసింది. ఆయన మూడో చరణం ఎత్తుకున్నాడు, నేను పిలిచిందాకా కాచుకున్నట్లు. మూడో ఖాళీలో జయమ్మ పిలిచింది. నాలుగోదాంట్లో ఆడవాళ్ళందరూ.

సోమవారం ఫాతిమా ఇంటికే వచ్చింది. అరుపులో కోపం తగ్గించే దారి ఏదో కనుక్కునిందంట.

"అరగంట పనక్కా. మూడూ నింపేద్దాం రండి."

"నింపేది నాకూ వచ్చులే. కూర్చో, కాఫీ పెడతా," అన్నాను.

కాఫీ తాగి పోయింది. పోతా గడప దగ్గర ఇంకోసారి అడిగింది. వద్దన్నాను. ఆ మూడు జాగాలూ అట్లే ఖాళీగా పెట్టినాను.