బీరువాలో ఉండిపోయిన పాస్‌పోర్టు

రెండు దేశాల పౌరసత్వం ఉన్న పిల్లలు సెలవులకు మా తెనాలి వీధికి వస్తే, తిరిగి వెళ్ళే ముందు వాళ్ళ తాతో అమ్మమ్మో నా దగ్గరికి రావడం ఇప్పుడు మామూలైపోయింది. ఏ పాస్‌పోర్టు ఎక్కడ చూపించాలో చెప్పమంటారు. నేనేమో ఇంతవరకు విమానం ఎక్కలేదు. నాకసలు పాస్‌పోర్టే లేదు. అయినా కళ్ళజోడు సర్దుకుని పాఠం చెప్పినట్టే చెబుతాను. రేపల్లె బడిలో ఏళ్ళ తరబడి సాంఘికశాస్త్రం చెప్పిన గొంతు కదా, ఎవరూ ఎదురు ప్రశ్న వేయరు. ఈ పాండిత్యం నాకు ఎలా అబ్బిందో మాత్రం వాళ్ళకు చెప్పను.

అబ్బింది మా చెల్లెలి కూతురి వల్ల. చెల్లెలు నర్సు. పెళ్ళయ్యాక భర్తతో కెనడా వెళ్ళింది. పిల్ల అక్కడే పుట్టింది కాబట్టి పుట్టుకతోనే ఆ దేశపు పౌరురాలైంది. తర్వాత ఆస్ట్రేలియా మారారు, కొన్నేళ్ళకు అక్కడి పౌరసత్వమూ వచ్చింది. ఈలోగా చెల్లెలికీ మరిదికీ పొసగక ఎవరి దారి వాళ్ళదయింది. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు, దానికి తోడు ఏదో పై చదువు, పిల్లను చూసే దిక్కు లేదు. కొన్నాళ్ళు నీ దగ్గర ఉంచుకోవా అక్కా అని అడిగింది. నాకు పెళ్ళీ పిల్లలూ లేరు. కొన్నాళ్ళు అన్న మాటను నేను పెద్దగా పట్టించుకోలేదు. మా చెల్లెలు కొన్నాళ్ళకని పట్టుకెళ్ళిన నా చీరలు ఇప్పటికీ తిరిగి రాలేదు.

అలా పిల్ల ఏడో తరగతిలో మా ఇంటికి వచ్చింది. వచ్చిన కొత్తలో ఆటో అతనికీ, పాలు పోసే ఆమెకీ, గుమ్మం ముందు దారి ఇచ్చిన పిల్లికీ కూడా థాంక్యూ చెప్పేది. తెలుగు అర్థమయ్యేది కానీ, మాట్లాడితే మాటలన్నీ పాలలో నానిన బిస్కెట్టులా మెత్తగా వచ్చేవి. ఏడాది తిరక్కుండానే మార్కెట్లో వంకాయలమ్మే ఆమెను పిన్నీ అని పిలిచి, పుచ్చులు ఏరి పక్కన పెడుతూ బేరమాడటం నేర్చింది. ఆదివారం చర్చిలో నా పక్కన నిలబడి పుస్తకం చూడకుండా కీర్తనలు పాడేది. నా గొంతు అపశ్రుతి పలికితే మోచేత్తో పొడిచేది.

తన బడికి సెలవై నా బడికి లేని రోజున నాతో పాటు రేపల్లె బండెక్కేది. కిటికీ పక్క సీటు కోసం నా వయసును కూడా లెక్క చేసేది కాదు. వేమూరు, భట్టిప్రోలు వస్తున్నాయని బండి ఆగకముందే చెప్పేది. నా తోటి టీచర్లు టిఫిన్ డబ్బాలు తెరిస్తే అందరి దగ్గరా ఒక్కో ముద్ద తినేది. బాపట్లలో మేం అక్కాచెల్లెళ్ళం పెరిగిన ఇల్లు ఎప్పుడో అమ్మేశాం. అయినా సూర్యలంక సముద్రానికి వెళ్ళినప్పుడల్లా ఆ వీధిలో నుంచే తీసుకెళ్ళేదాన్ని. ఈ అరుగు మీద నుంచి దూకే మీ అమ్మ పన్ను విరగ్గొట్టుకుందని చూపిస్తే, ప్రతిసారీ కొత్తగా విన్నట్టు నవ్వేది. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఇల్లు నిండుగా అనిపిస్తుంది.

పదో తరగతి పరీక్షలయ్యాయి. చెల్లెలు ఫోను చేసింది. చదువు పూర్తయిందట, పగటి డ్యూటీ దొరికిందట, జూలైలో అక్కడ బడిలో చేర్పించాలట. పంపించక్కా అంది. నేను సరేనన్నాను. కూరలో ఉప్పు సరిపోయిందా అంటే సరిపోయిందన్నట్టు, అంత మామూలుగా అన్నాను. కన్నతల్లి తన పిల్లను అడుగుతుంటే మధ్యలో పెద్దమ్మకు ఏం హక్కుంది అని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. పిల్ల నా మొహంలోకి చూసింది. నేను టికెట్టు సంగతి మాట్లాడాను.

పాస్‌పోర్టుల దగ్గర నా ఉద్యోగధర్మం అడ్డొచ్చింది. మా టీచర్లకు ఓటర్ల జాబితా డ్యూటీలు వేస్తారని అందరికీ తెలిసిందే. రేపల్లెలో ఒక ఓటు, తెనాలిలో ఒక ఓటు పెట్టుకున్నవాళ్ళను ఇల్లిల్లూ తిరిగి పట్టుకోవడంలో నాకు పేరుంది. మా సొంత బాబాయికి బాపట్లలోనూ ఓటుందని తెలిసి ఇక్కడిది కొట్టించేశాను. ఆయన పోయేదాకా నాతో ముక్తసరిగానే మాట్లాడాడు. అలాంటి దాన్ని, పిల్ల చేతికి రెండు పాస్‌పోర్టులిచ్చి అధికారుల ముందుకు ఎలా పంపుతాను? రెండు ఓట్లు, రెండు రేషన్ కార్డులు, రెండు పాస్‌పోర్టులు నా కంటికి ఒకే జాతి నేరాలు. మా హెడ్మాస్టరుగారిని అడిగితే రెండూ కనబడితే లాక్కుంటారన్నారు. పాస్టరుగారు ప్రార్థన చేసి, ఒకటి దాచడమే క్షేమమమ్మా అన్నారు.

మన దేశం ఒకే పౌరసత్వాన్ని ఒప్పుకుంటుందన్న పాఠం ఏటా చెప్పిందాన్ని నేనే. ఆ నియమం మన పౌరులకని, పిల్ల మన పౌరురాలే కాదని, దానివి రెండూ బయటి దేశాలవేనని మాత్రం నా బుర్రకు తట్టలేదు. వీసా లేకుండా ఇక్కడ ఉండటానికి మన ప్రభుత్వం విదేశాల్లోని మనవాళ్ళకిచ్చే ఓసీఐ కార్డు దానికి ఉండేది. అది కెనడా పాస్‌పోర్టు నంబరు మీద ఇచ్చింది. వచ్చినప్పుడు హైదరాబాదులో ముద్ర పడిందీ దాని మీదే. రెండూ ఇచ్చి పంపమని చెల్లెలు ఫోనులో చెప్పింది. అలాగేనన్నాను. ఎప్పుడూ దానిది తొందర బుద్ధే అనుకుని, వెళ్ళేది ఆస్ట్రేలియా కాబట్టి ఆస్ట్రేలియాది పిల్ల సంచిలో పెట్టి, కెనడాది బీరువాలో పట్టుచీరల కింద పెట్టి తాళం వేశాను. ఒక తప్పు జరగకుండా ఆపానని సంతోషపడ్డాను కూడా.

బస్సులో హైదరాబాదు చేరాం. విమానాశ్రయంలో లోపలికి నన్ను రానివ్వరు కనుక బయట కూర్చున్నాను. విమానం వాళ్ళు ఆస్ట్రేలియా పాస్‌పోర్టు చూసి పెట్టె తీసుకున్నారని ఫోనులో చెప్పింది. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఇంకాసేపటికి చూస్తే, పిల్ల పెట్టె తోసుకుంటూ బయటికి వస్తోంది. పక్కన విమానం కంపెనీ అమ్మాయి ఉంది. సంగతి ఆ అమ్మాయే వివరించింది. ఈ పాస్‌పోర్టు మీద పిల్ల మన దేశంలోకి వచ్చిన దాఖలా లేదట. రాని మనిషిని బయటికి ఎలా పంపమంటారని ముద్ర వేసే అధికారి అడిగారట. నాలుగేళ్ళు నా చేతి అన్నం తిన్న పిల్ల ఈ దేశానికి రానే లేదంటే నాకు ఒళ్ళు మండింది. ఆ అమ్మాయి మీద ఇంతెత్తున లేచాను. ఆమె ఓపిగ్గా, పాత పాస్‌పోర్టు ఏదైనా ఉందా మేడమ్ అంది. ఉంది, తెనాలిలో ఉంది అని పిల్లే చెప్పింది.

ఫోనులో చెల్లెలు నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. బాపట్లలో మా వీధి భాష ఇన్నేళ్ళకు కూడా మరిచిపోలేదని మాత్రం తెలిసింది. మళ్ళీ టికెట్టు ఇంకో పది పన్నెండు రోజులకు గానీ దొరకలేదు. తెనాలి తిరిగి వచ్చేశాం. సాయంత్రం ఇంటి తాళం తీస్తుంటే నాకు కలిగిన సంతోషం చెప్పుకుంటే సిగ్గు. చెల్లెలు అక్కడ ఒంటరిగా ఏడుస్తోందని తెలిసి కూడా నా కాళ్ళు నేల మీద ఆగలేదు. ఆ పూట పప్పుచారు పెట్టి, వడియాలు వేయించాను. మొహం మాత్రం గంభీరంగానే ఉంచుకున్నాను.

అవి వేసవి సెలవులు. ఇద్దరం తాటిముంజలు తిన్నాం, మధ్యాహ్నాలు కూలరు ముందు చాప వేసుకుని నిద్రపోయాం. బాపట్ల వెళ్ళి సముద్రంలో మోకాళ్ళ దాకా దిగాం. అప్పటిదాకా ఏడాదికి రెండుసార్లు చేసిన పనులన్నీ ఆ కొద్ది రోజుల్లో కుక్కేశాం. విమానాశ్రయం మాట ఇద్దరం ఎత్తలేదు.

చివర్లో ఒకరోజు రేపల్లె వెళ్దామంది. బడి లేదు, పని లేదు, ఎందుకే అంటే ఊరికే అంది. వెళ్ళాం. స్టేషను బయట సోడా తాగి అదే బండిలో తిరిగి ఎక్కాం. రైలుపెట్టె దాదాపు ఖాళీ. కోసేసిన చేల మీద నుంచి వేడిగాలి కొడుతోంది. అప్పుడు నేనే కదిపాను. కెనడా పాస్‌పోర్టు లేకపోతే ఆపుతారని నీకెవరూ చెప్పలేదా అన్నాను. తనకు తెలుసంది. వచ్చేటప్పుడు అమ్మ చేతిసంచిలోంచి ఏది ఎక్కడ తీసి చూపించిందో గుర్తుందట. నేను బీరువాలో పెట్టి తాళం వేస్తుంటే తలుపు దగ్గర నిలబడి చూసిందట.

"మరి ఎందుకే చెప్పలేదు?"

కిటికీ లోంచి మొహం తిప్పకుండా అంది. "నువ్వు దాచేస్తున్నావనుకున్నాను పెద్దమ్మా. నన్ను పంపడం ఇష్టం లేక."

 అది ఇంకా చెప్పుకుంటూ పోయింది. బయల్దేరే ముందు వద్దంటావేమో అనుకుందట. బస్సులో అంటావేమో అనుకుందట. విమానాశ్రయం దాకా వచ్చినా నేను పెట్టె బరువు గురించే మాట్లాడానట. లోపల అధికారి ఆపగానే, పెద్దమ్మ గట్టిదే అనుకుని సంతోషపడిందట. తీరా బయటికొచ్చి చూస్తే, నేను ఆ అమ్మాయితో పోట్లాడుతున్నాను. తనను పంపించెయ్యమని. "అప్పుడు అర్థమైంది. నువ్వు దాచింది నా కోసం కాదు, రూలు కోసం," అంది.

నేను చేసిన పెంపకమంతా ఆ ఒక్క మాటతో నా ముందు పెట్టింది. భట్టిప్రోలు వచ్చింది, వేమూరు వచ్చింది, ఈసారి వాటి పేర్లు ఎవరూ చెప్పలేదు. దాని చెయ్యి పట్టుకోవాలనిపించింది. పట్టుకోలేదు. పట్టుకుంటే ఉండిపొమ్మంటానని భయం వేసింది. అక్కడ మా చెల్లెలు పిల్ల గదికి కర్టెన్లు కొని ఫొటో పంపింది. ఆ ఫొటో నా ఫోనులోనే ఉంది.

మళ్ళీ బయల్దేరే రోజు వచ్చింది. ఈసారి రెండు పాస్‌పోర్టులూ, కార్డూ ఒక సంచిలో పెట్టి దాని మెడలో నేనే వేశాను. నేర్చుకున్న పాఠం దారి పొడవునా అప్పజెప్పించాను. విమానం వాళ్ళు దిగబోయే దేశానిది అడుగుతారు, వాళ్ళకు ఆస్ట్రేలియాది. మన అధికారికి, నువ్వు దేని మీద వచ్చావో దాన్నే, కెనడాది, కార్డుతో సహా. దిగాక మళ్ళీ ఆస్ట్రేలియాది. ఎవరైనా అడిగితే రెండూ ఉన్నాయని చెప్పు, దాచకు. అన్నీ సరిగ్గా చెప్పింది. గేటు దగ్గరికి వచ్చాం. టికెట్టు చూపించే వరుసలో ముందు ఇంకా కొందరున్నారు. పెట్టెకు తాళం వేశావా అని అడగబోయి ఆగాను.

"నిన్ను పంపడం నాకు ఇష్టం లేదే," అన్నాను. "మొదటిసారీ లేదు. అడగడానికి నాకు నోరు రాలేదు. రేపట్నుంచి ఆ ఇంట్లో ఎలా ఉంటానో నాకే తెలీదు. కానీ మీ అమ్మ ఒక్కతే ఉంది. నువ్వెళ్ళు."

వరుసలో ముందున్నాయన వెనక్కి తిరిగి చూశాడు. ఇంకో రోజైతే సిగ్గుపడేదాన్ని. పిల్ల నన్ను గట్టిగా పట్టుకుంది. ఎప్పుడు అంత పొడుగైందో, దాని గడ్డం నా తల మీద ఆనింది.

"ఇప్పుడు వెళ్తాను," అంది. "ఈ మాట మొన్ననే అంటే మొన్ననే వెళ్ళిపోయేదాన్ని."

లోపలికి వెళ్ళింది. అద్దంలోంచి కాసేపు కనబడింది, తర్వాత కనబడలేదు. నేను బయట బల్ల మీద కూర్చున్నాను. చాలాసేపటికి ఫోను మోగింది. కెనడా పాస్‌పోర్టు మీద ముద్ర వేశారట, దాటేసిందట. మంచిదమ్మా అన్నాను. ఫోను పెట్టేశాక కొంగు నోటికి అడ్డం పెట్టుకోకుండా, అందరిముందూ, పెద్దగా ఏడ్చాను. ఎవరో ఒకామె నీళ్ళ సీసా ఇచ్చి, వెళ్ళింది మీ అమ్మాయాండీ అని అడిగింది. అవునండీ అన్నాను.