యాదగిరి సేటుకు తొందరపడి వేసిన దండ

పటాన్‌చెరులో పట్టపగలు, నలుగురూ చూస్తుండగా నేనొక మనిషిని చంపాను. కత్తి లేదు, కర్ర లేదు. ఒక కుంచె, డబ్బా నల్లరంగు, రెండు మూరల బంతిపూలు. పోలీసులు రాలేదు. వచ్చుంటే బాగుండేది, నాలుగు తిట్టి పంపేవారు. చచ్చిన మనిషి మాత్రం నన్ను పల్లెత్తు మాట అనకుండా నడిచి వెళ్ళిపోయాడు. ముందే చెప్తున్నాను, ఈ కథలో ఎవరికీ మంచి జరగదు. నవ్వొస్తే నవ్వుకోండి, నేనేమీ అనుకోను.

అప్పటికి నేను కుర్రవాణ్ణి. అరవై దాటి ఎన్నేళ్ళో కాలేదు. దుకాణాలకు బోర్డులు రాయడం నా పని. ముంబై రోడ్డు మీద ఆ చివర నుంచి ఈ చివర దాకా నా చేతిరాత లేని షట్టర్ ఉండేది కాదు. సరే, చాలానే ఉండేవి. నా రాత ఉన్న కొన్నింటినీ ఫ్లెక్సీలు వచ్చి కప్పేశాయి. అలా నేను గోళ్ళు గిల్లుకుంటున్న రోజుల్లో, మా తమ్ముడి కూతురు రూతు పట్నంలో డిజైన్ చదువుకుని వచ్చి, బస్టాండు వెనక ఒక గది కిరాయికి తీసుకుని స్టూడియో పెట్టింది. నాకూ అందులో ఒక స్టూలు వేసింది.

స్టూడియోకి పద్ధతులు కూడా పెట్టింది. లోపల లేనిది పైన బొమ్మ వేయకూడదు. ప్లాస్టిక్ ముట్టకూడదు, బట్టా కాగితమూ మాత్రమే వాడాలి. ఒక రంగుతో పని జరిగితే రెండో రంగు జోలికి పోకూడదు. గొప్పలు రాయకూడదు. ఏదెను తోటలో దేవుడు పెట్టింది ఒక్క నియమం. ఆదివారం ఆదివారం చర్చికి వెళ్ళే పిల్ల, ఆయన్నే మించిపోయింది.

ఆ ఏడు మొదట్లో ఒక మందుల ఫ్యాక్టరీ మేనేజరు వచ్చాడు. ప్రహరీ గోడ పొడవునా చెట్లు, కొంగలు, నీలంగా పారే వాగు వేయాలన్నాడు. నా చేతులు అప్పుడే దురద పెట్టాయి.

"వాగు ఎట్లున్నదో గట్లనే వేస్తం సార్," అంది రూతు.

"అంటే?"

"నల్లగ. పైన నురుగు."

ఆయన చాయ్ సగంలో వదిలేసి లేచాడు. మిగతా సగం నేను తాగాను. ఆ ఫ్యాక్టరీ నుంచి మా స్టూడియోకి దక్కింది అంతే.

తర్వాత జీడిపప్పు లేని బిస్కెట్ల మీద జీడిపప్పు వేయమని ఒకాయన, చెరువు లేని ప్లాట్ల పక్కన చెరువు వేయమని ఇంకొకాయన. అందరికీ రూతు చాయ్ పోసింది, అందరినీ పంపేసింది. ఏడాది చివరికి మాకు మిగిలింది ఒకే ఒక్కడు, ఎదురు వరసలో పప్పుల దుకాణం యాదగిరి సేటు. సంగారెడ్డి నుంచి రోజూ బస్సులో వచ్చి దుకాణం తెరిచేవాడు. తన సంచుల మీద కందిపప్పు ఉన్నంతే వేస్తామంటే, "ఉన్నంతనే వెయ్యి బిడ్డా. తినేటోడు గుడ్డోడా?" అన్నాడు. సంగారెడ్డిలో తెరవబోయే కొత్త దుకాణం పనంతా మాకే ఇవ్వాలని ఆలోచిస్తున్నాడు కూడా.

మా స్టూడియోలో ఒక ఆచారం ఉండేది. ఏడాది ఆఖరు రోజున, ఆ ఏడు చేసినవన్నీ గోడకు తగిలించి, కింద చాప పరుచుకుని కూర్చుని, గర్వపడేది ఏది, సిగ్గుపడేది ఏది అని మాట్లాడుకోవాలి. ఆ ఏడు తగిలించి చూస్తే ఎక్కువగా గోడే కనిపించింది.

"గింతేనా బిడ్డా?"

"గింతే పెద్దనాయనా. వద్దన్నవన్ని తగిలిస్తే గోడ సాలకపోవు." నవ్వే ప్రయత్నం చేసి మానుకుంది. "సాయంత్రం సేటు వస్తడు, గోడ సూసి పని సంగతి చెప్తనన్నడు. ఆయన ఇయ్యకుంటే ఇగ గది తాళం ఇచ్చేసుడే. నేను ముత్తంగికి పోయి కొత్త సంచి నమూనా కుట్టించుకొస్త. నువ్వేం చెయ్యకు. ఊకె కూసో."

చెప్పండి, నాలాంటివాణ్ణి ఊరికే కూర్చోమనవచ్చా?

ఖాళీ గోడను సేటుతోనే నింపేద్దామని తోచింది. దుప్పటంత తెల్లబట్ట తీసుకుని సేటు ముఖం వేశాను. పద్ధతులన్నీ తూచా తప్పకుండా పాటించాను. ఒకటే రంగు, నలుపు. గొప్పలు లేవు, కింద 'మీ మేలు మరువం' అని రాసి ఊరుకున్నాను. సేటు ఎన్నడూ నవ్వడు కాబట్టి నవ్వు వేయలేదు. ముక్కు పక్కన పుట్టుమచ్చతో సహా దిగాడు. గదిలో వెలుతురు సరిపోవడం లేదని రోడ్డు వైపు గుమ్మానికి కట్టాను. అయినా ఏదో వెలితి. మూల మీద పూలమ్మే లక్ష్మమ్మ దగ్గర బంతిపూలు తెచ్చి, నిండుగా ఒక దండ వేశాను.

మీకు అర్థమైపోయింది. నాకు కాలేదు. పైగా ఆ రోజు సేటుకు సంగారెడ్డి కోర్టులో వాయిదా. దుకాణం షట్టర్ దించే ఉంది.

ముందుగా వచ్చింది గోదాం హమాలీ ఒకడు, బిహారు మనిషి. తల తువ్వాలు తీసి చేత్తో పట్టుకుని, "సేఠ్‌జీ గుజర్ గయే క్యా?" అన్నాడు.

ఈ కథ ఎవరికి చెప్పినా, ఇక్కడికి రాగానే నాకు హిందీ రాదు, ఏమడిగాడో తెలియలేదు అంటూ ఉంటాను. ముంబై రోడ్డు మీద బోర్డులు రాసి ముసలివాడైనవాడికి హిందీ రాకపోవడమేమిటి! అర్థమైంది. శుభ్రంగా అర్థమైంది. 'కాదు నాయనా, బతికే ఉన్నాడు' అంటే అక్కడితో అయిపోయేది. అనలేదు. తల వంచుకున్నాను.

ఎందుకంటారా? ఎన్నో ఏళ్ళుగా నా బొమ్మ ముందు ఒక్క మనిషి ఆగి చూడలేదండీ. వీడు ఆగాడు. వీడి వెనక లక్ష్మమ్మ వచ్చింది, చూసి కొంగు నోట్లో కుక్కుకుంది. "అయ్యో సేటూ! పుట్టుమచ్చ సుత అట్లనే దిగింది సూడుండ్రి," అని ఏడ్చింది. నా బొమ్మ చూసి ఒక మనిషి ఏడ్వడం! ఇంకాసేపు, ఇంకొక్క మనిషి వచ్చేదాకా అనుకున్నాను. జనం వేలల్లో పోగయ్యారు, రోడ్డు మీద బండ్లు ఆగిపోయాయి. సరే, ఓ పదిమంది పోగయ్యారు. ఆగింది ఒక ఆటో, అది కూడా పంక్చరై.

మంగలి మల్లేశ్ కత్తెర చేత్తో పట్టుకునే వచ్చాడు. "మంచోడే గని, నవ్వంగ ఎన్నడు సూడలే."

"నవ్వితే పప్పు అగ్గువకు అడుగుతరని భయం," అన్నాడు చాయ్ కొట్టతను.

"ఏదైతేంది, ఇగ గా దుకాణం ముంగట మనం బండ్లు పెట్టుకోవచ్చు," అన్నాడు మల్లేశ్.

"పెట్టుకో మల్లేశ్. ఎవలొద్దన్నరు?" అని వెనక నుంచి వినిపించింది.

చంకలో సంచితో యాదగిరి సేటు నిలబడి ఉన్నాడు. లక్ష్మమ్మ వేసిన కేక లింగంపల్లి దాకా వినిపించి ఉంటుంది. మల్లేశ్ కత్తెర కాలువలో పడింది. హమాలీ ఒక్కడే సంతోషంగా నవ్వాడు.

సేటు బొమ్మ దగ్గరికి వచ్చి చాలాసేపు చూశాడు. "దండ ఎవలేసిన్రు?"

"నేనే సేటూ. గౌరవానికని..."

"మల్లేశ్ దుకాణం తెరిచే ఉన్నది. చాయ్ కొట్టు తెరిచే ఉన్నది." రోడ్డు అటూ ఇటూ చూశాడు. "నా కోసం ఒక్కడన్న షట్టర్ దించలే గద."

అప్పుడే రూతు సంచి నమూనా పట్టుకుని ఆటో దిగింది. సేటు దండ తీసి లక్ష్మమ్మ చేతిలో పెట్టి, "వాడిపోకముందే ఇంకెవలకన్న అమ్ముకో," అన్నాడు. రూతు సంచి చాచింది. ముట్టుకోలేదు. "తర్వాత సూద్దాం బిడ్డా," అని బస్సు వైపు నడిచాడు. ఆ తర్వాత అనేది మళ్ళీ రాలేదు.

ఆ సాయంత్రం ఆచారం ప్రకారం చాప పరుచుకుని ఇద్దరమే కూర్చున్నాం.

"గర్వపడేది?" అన్నాను.

"వద్దన్నవన్ని."

"సిగ్గుపడేది?"

రూతు మడతపెట్టిన ఆ బట్ట వంక చూసింది, అంతే. రెండు తిట్టినా బాగుండేది.

గది తాళం ఇచ్చేశాం. రూతు ముత్తంగిలో ఒక గోదాంలో పెట్టెల మీదికి బాణం గుర్తులు తయారుచేసే పనికి కుదిరింది. "అండ్ల అబద్ధమేం లేదు పెద్దనాయనా. పైకి అంటే పైకే," అంటుంది.

వానాకాలం మధ్యలో సేటు కొడుకు మా ఇంటికి వచ్చాడు. "నాయిన ఎన్నడు సక్కగ ఫోటో దిగనియ్యలే తాతా. గా బట్ట ఉన్నదా?"

పెట్టెలోంచి తీసి ఇచ్చాను. సేటును కడసారి చూపుకు పటాన్‌చెరు దుకాణంలోనే పడుకోబెట్టారు. గుమ్మానికి అదే బట్ట కట్టి, మళ్ళీ బంతిపూలే వేశారు. జనం చూశారు, నవ్వుకుంటూ పోయారు.

"ఏం తాతా, మళ్ల షురూ జేసినవా?" అన్నాడు మల్లేశ్.

"ఒట్టు మల్లేశ్. ఈసారి నిజంగనే పోయిండు."

"పోయినసారి సుత గిట్లనే తల వంచినవ్ గద!"

ఇలా నవ్వేకంటే నా బొమ్మ ముందు ఎవరూ ఆగని పాత రోజులే నయమనిపించింది. వానలో తడుస్తూ దుకాణం దుకాణం తిరిగి, చేతులు పట్టుకుని బతిమాలాను. చివరికి లక్ష్మమ్మ వచ్చి లోపలికి తొంగి చూసి, చప్పుడు లేకుండా ఏడ్చింది. అప్పుడు నమ్మారు. చాయ్ కొట్టు స్టవ్ ఆగింది. మల్లేశ్ లేచి షట్టర్ లాగాడు. వానకు తుప్పు పట్టి అది సగంలో బిగుసుకుపోయింది. ఎంత లాగినా దిగలేదు. సేటు బేరమాడే మనిషి. సగానికి ఒప్పుకునే ఉంటాడు.

కాబట్టి పాఠకుల సమక్షంలో కుడిచెయ్యి పైకెత్తి ప్రతిజ్ఞ చేస్తున్నాను. నాడి పట్టి చూడనిదే ఏ బొమ్మకూ దండ వేయను. నా బొమ్మ ముందు ఎవరు ఆగినా, ఎందుకు ఆగారో నోరు తెరిచి అడుగుతాను. ఇక నా వంతు వచ్చినప్పుడు నా బొమ్మ రూతే వేస్తుంది. ఒక్కటే కోరాను, ఈ ఊరివాళ్ళు నలుపు బొమ్మను ఇక నమ్మరు, కాస్త రంగుల్లో వెయ్యమ్మా అని.

"ఒక్క రంగుతోని పని అయితున్నప్పుడు రెండోది ఎందుకు పెద్దనాయనా?" అంది.