ఐసు నీళ్ళలో అరిగిన వేలు

ద్వారకా నగర్‌లో ఇన్సూరెన్సు ఆఫీసులో నాను చేసే పని ఇదీ. సంతకం రానోళ్ళ బొటనవేలు పట్టుకుని, ఇంకులో అద్ది, క్లెయిము కాగితం మీద గడిలో పడేట్టు నొక్కాల. తర్వాత కాగితాలు వరసగా పేర్చి, దారంతో కుట్టి గుమస్తా బాబుకి ఇవ్వాల. మా ఆయన పోయాక ఆయన కాగితాల కోసం ఇక్కడికే వచ్చాను, ఇక్కడే పనికి ఉండిపోయాను. అప్పుడు నా వేలు ఎవరో పట్టుకున్నారు. ఎవరో గుర్తు లేదు.

అంతకుముందు రొయ్యల షెడ్డులో ఉండేదాన్ని. పొద్దస్తమానం ఐసు నీళ్ళలో రొయ్యలు ఒలిస్తే వేళ్ళ మీద గీతలు అరిగిపోతాయి.

మొన్న వానల్లో ఒక పిల్ల వచ్చింది. మొగుడు ఆటోనగర్‌లో లారీ కింద బోల్టు బిగిస్తంటే జాకీ జారింది, పోయాడు. ఈ పిల్లా రొయ్యలే ఒలుస్తంది. వేలు నొక్కాను, నల్ల మరక పడింది. మళ్ళీ నొక్కాను, మళ్ళీ మరకే.

గుమస్తా బాబు చూసి, "ఇది ముద్రా, మాడిన ఉల్లిపాయా?" అన్నాడు. పిల్ల కూడా నవ్వింది. నవ్వి, "మరి నా క్లెయిము, బాబూ?" అంది.

"గీతలు కనపడకపోతే పైవాళ్ళు తిప్పి పంపేస్తారమ్మా."

నాను బయట మెట్ల మీదకి తీసుకెళ్ళి చెప్పాను. "అమ్మీ, పది రోజులు రొయ్య ముట్టకు. పడుకునేముందు కొబ్బరినూనె రాయి. గీతలొస్తాయి."

"వస్తాయా అప్పా?" అంది, అక్కని పిలిచినట్టు.

"నాకు రాలేదేటి?"

పది రోజులకి వచ్చింది. ఈసారి ముద్ర పడింది, సన్నంగా. బాబు సరే అన్నాడు. కాగితాలు కుట్టేసాను.

వెళ్తా వెళ్తా గుమ్మం దగ్గర ఆగింది. "షెడ్డులో నా బల్ల వేరేదానికి ఇచ్చీసారు అప్పా. 'నీ బదులు ఎవళ్నన్నా కూకోబెట్టాల్సింది కదా' అన్నాడు మేస్త్రీ." చెప్పులు తొడుక్కుంటా నాకేసి చూసింది. "నువ్వూ ఒలిచినదానివే. నీకు తెలీదేటి?"

తెలుసు. మనం వెళ్ళనప్పుడు చెల్లెల్నో తోడికోడల్నో మన బల్ల దగ్గర కూకోబెట్టాల, లేకపోతే బల్ల పోతాది. నా వేలు బాగుపడేదాకా నా తోడికోడలే కూకుంది. ఆ రోజు మెట్ల మీద ఆ మాట నోటికి రాలేదు.

"టీ తాగి వెళ్ళమ్మీ," అన్నాను.

తాగింది. వేలి ఇంకు తుడుచుకోడానికి గుడ్డ ఇచ్చాను. "క్లెయిము ఎప్పుడొస్తాది అప్పా?" అంది. బాబుని అడుగుతాను అన్నాను.

అడగలేదు. ఇంకు ఎండిపోతాదని ప్యాడుకి మూత పెట్టాను. ఎవరో కొత్తోళ్ళు నా బల్ల మీద కాగితాలు పెట్టి నించున్నారు. మళ్ళీ మూత తీసాను.